తడిచేతి అలవాటు

వాగుల్లో సరదాకి గాలం వేసే మా సంఘంలో ట్రౌట్ చేపని ఎవరూ తినరు. పట్టుకుంటాం, చూసుకుంటాం, వదిలేస్తాం. శుక్రవారం సాయంత్రం మాత్రం నోర్దల్ ఊళ్ళో సప్పర్ క్లబ్బనే హోటల్లో కూచుని, ఎక్కడో సముద్రంలో చచ్చిన కాడ్ చేపని పిండిలో ముంచి వేయిస్తే లొట్టలేసుకుంటూ తింటాం. దీనికి మాలో ఎవరికీ సిగ్గు లేదు. కాడ్ మాకు చుట్టం కాదు. ట్రౌట్ చుట్టం.

కొత్తగా చేరినవాడికి మేం మొదట నేర్పేది గాలం విసరడం కాదు, ఈకలూ దారమూ కట్టి దొంగ ఈగ తయారుచెయ్యడమూ కాదు. చెయ్యి తడుపుకోవడం. పొడి చెయ్యి తగిలితే చేప ఒంటి మీద జిగురు ఊడొస్తుంది. ఊడిన చోట బూజు పడుతుంది. నువ్వు దయతో వదిలిన చేప వారం తర్వాత ఏ రాయి కిందో చస్తుంది. అందుకని ముందు రెండు చేతులూ వాగులో ముంచు. చేపని నీళ్ళలోనే ఉంచు. మూతి ఎగువకి తిప్పి పట్టుకో, మొప్పల్లోకి నీళ్ళు పోనీ. అది ఊపిరి పోసుకుని తోకతో నీ అరచేతిని కొడుతుంది. అప్పుడు వేళ్ళు విప్పు. పక్కనున్నవాడు "బాగా వదిలావు" అంటాడు. అని తీరాలి. చర్చిలో ఆమెన్ అన్నట్టు.

అలాంటి మా మధ్యకి, సెప్టెంబరు చివర్లో ఒక శుక్రవారం, ఆర్లిస్ బ్రెక్కీ ప్లాస్టిక్ సంచీ ఒకటి తెచ్చి వేపుడు పళ్ళేల మధ్య బోర్లించింది. మూరెడు బ్రౌన్ ట్రౌట్. చచ్చింది. తల మీద రాతిదెబ్బ.

ఆర్లిస్ మా సంఘానికి అధ్యక్షురాలు. డెబ్భై దాటిన మనిషి. మంచులో, బురదలో ఈ లోయలన్నీ తిరుగుతూ పోస్టు బండి తోలి రిటైరైంది. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క ట్రౌట్‌ని కూడా చంపలేదు. చంపినవాళ్ళతో మాట్లాడేది కూడా కాదు.

"ఎవరు చంపారు దీన్ని?" అన్నాడు విట్ లార్కిన్. విట్ పళ్ళ డాక్టరు. మాడిసన్‌లో ప్రాక్టీసు అమ్ముకుని ఇక్కడ చేపల కోసమే ఇల్లు కొన్నాడు.

"నేనే."

"నువ్వా?"

"నేనే విట్. రాయి పెట్టి కొట్టా. నువ్వడగాల్సింది అది కాదు. ఎక్కడ దొరికిందో అడుగు."

ఫోర్కులు ఆగిపోయాయి. ఆవిడే చెప్పింది.

"స్కోగెన్ వాగులో. రోడ్డుకి పైన."

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఆ మాటకి మేమంతా ఎందుకు చచ్చిపోయామో చెప్పాలి. ఈ లోయల్లో మంచుయుగం నుంచీ ఉన్న చేప బ్రూక్ ట్రౌట్ ఒక్కటే. చిన్నది, జానెడు, పొట్ట నారింజ రంగు, రెక్కల అంచుకి తెల్ల గీత. బ్రౌన్‌ని మా తాతల తాతలు జర్మనీ నుంచి పీపాల్లో పోసి తెచ్చారు. అది పెరుగుతుంది, బలిసిపోతుంది, పక్కవాణ్ణి తినేస్తుంది. జిల్లాలో ప్రతి వాగూ దానిదే ఇప్పుడు. స్కోగెన్ వాగులో, రోడ్డు నుంచి కొండకింద ఊట దాకా ఉన్న ముక్క ఒక్కటే మిగిలింది. అక్కడి బ్రూక్ ట్రౌట్లలో పెంపకపు చెరువు నుంచి తెచ్చి పోసింది ఒక్కటీ లేదు. వేల ఏళ్ళుగా తల్లి నుంచి పిల్లకి వచ్చిన నెత్తురు.

రోడ్డు కింద పాత ఇనప తూము ఒకటి ఉండేది. దాని కింది నోరు నీటికి రెండడుగుల పైన వేలాడుతూ ఉండేది. కిందినుంచి ఏ చేపా ఎక్కలేకపోయేది. అది చూసి మాకు కడుపు మండేది. చేపల దారికి అడ్డం, వాగు గొంతులో ఎముక, తీసెయ్యండి అని ఏళ్ళ తరబడి టౌను మీద పడి ఏడ్చాం. ఆర్లిస్ ప్రతి మీటింగుకీ పోయింది. నేను చీజ్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, పాలవాసనతోనే పోయి, ఆవిడ పక్కన నిలబడి అరిచాను. కిందటి వేసవిలో గెలిచాం. పాత తూము పీకి, వాగంత వెడల్పున కొత్త తూము వేశారు, లోపల గులకరాళ్ళు పరిచి మరీ. పాత తూముకి ఎర్రరంగు వేసి, అందరం సంతకాలు పెట్టి, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగాం.

అది ఎముక కాదు. గొళ్ళెం. ఇంటికి ఉన్న ఒకే ఒక్క గొళ్ళేన్ని మేమే ఊడగొట్టి, దొంగకి మెట్లు కట్టి, మెట్ల మీద మెత్తగా గులకరాళ్ళు పరిచాం. అది గొళ్ళెమని ముందు ఎవరూ అనలేదు. అనుంటే వాడి మీద పడి కరిచేవాళ్ళం.

"బ్రౌన్ కూడా ట్రౌటే కదా," అన్నాడు విట్, చేప కేసి చూస్తూ. "నిజం చెప్పు ఆర్లిస్. ఆదివారం సాయంత్రం నువ్వు కింది మడుగుల్లో విసిరేది ఎవరికోసం? దానికోసమే కదా."

"నాకు మా కుక్కంటే ప్రాణం విట్. అలాగని తీసుకెళ్ళి కోళ్ళగూట్లో పడుకోబెట్టను."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

"ఏం చెయ్యమంటావు అయితే?"

"చంపాలి. ఇంకో పది పదిహేను రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలెడతాయి. ఈ ఏడు పైన గుడ్లు పెట్టాయంటే అయిపోయింది. పైకెక్కినవి ఎన్నో లేవు. పట్టాలి, చంపాలి, తూము మళ్ళీ ముయ్యాలి. చేతులెత్తండి, ఎవరెవరొస్తారో."

నేను ఎత్తాను. ఇంకెవరూ ఎత్తలేదు. చంపడానికి రమ్మంటే వచ్చే మనుషులు కారు వాళ్ళు. మంచివాళ్ళు. ఎండలో రాళ్ళు మోస్తారు, ముళ్ళకంపలు నరుకుతారు, వాగు ఒడ్డున చేతులు బొబ్బలెక్కేలా పనిచేస్తారు. చంపమంటే మాత్రం కళ్ళు దించుకుని కాడ్ చేప కేసి చూశారు. మత్స్యశాఖకి చెబుదాం అని తీర్మానించారు. ఆర్లిస్ చేపని మళ్ళీ సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ పళ్ళెంలో వేపుడు అలాగే ఉంది.

శాఖకి ఆవిడ అప్పటికే చెప్పింది. అక్కడ వాగులు చూసే అమ్మాయి ఉంది, కారీ అని. మంచి పిల్ల. మర్నాడు ఆర్లిస్ ఫోన్ స్పీకర్లో పెట్టి నాకు కూడా వినిపించింది.

"ఆర్లిస్, నా మాట వినండి. బ్రౌన్లున్న నీళ్ళని బ్రూక్ ట్రౌట్ నీళ్ళుగా నేను రాయలేను. కలిసిపోయిన వాగంటే ఇక కాపాడేదేమీ లేనట్టే లెక్క. అడ్డుకట్టకి అనుమతి ఎవరూ ఇవ్వరు."

"కలవలేదింకా. ఆరు చేపలు."

"అయితే ఒకటి చేస్తా. అక్టోబరు రెండో శనివారం, నీళ్ళలోకి షాకిచ్చి చేపల్ని కాసేపు తేల్చే కరెంటు పెట్టె తెచ్చి పైభాగమంతా చూస్తా. బ్రౌన్ ఒక్కటీ తేలకపోతే ఆ రోజే అడ్డుకట్టకి అత్యవసర అనుమతి ఇప్పిస్తా. ఒక్కటి తేలినా నా చేతుల్లో ఏం లేదు."

"ఒక్కటీ తేలదు," అంది ఆర్లిస్.

పోయి గాలాలు విసిరాం. గాలంతోనే పట్టాలి మరి, చట్టం అంతవరకే ఒప్పుకుంటుంది. అక్కడే మా ప్రాణం పోయింది. బ్రౌన్ తెలివైనది, గుట్టుగా నీడలో కూచుంటుంది. బ్రూక్ ట్రౌట్ పిచ్చిది. నీళ్ళ మీద ఏం పడినా ఎగిరి నోటపెడుతుంది. నేను బ్రౌన్ కోసం ఈగ విసిరితే, అది చేరేలోపల నాలుగు బ్రూక్ ట్రౌట్లు కొట్టుకుంటూ వచ్చి మింగేవి. ఆ ఏడు వానల్లేవు. నీళ్ళు పలచగా ఉన్నాయి, అక్టోబరులో కూడా గోరువెచ్చగా. పట్టి వదిలిన చేప తేరుకునేది కాదు. ఆర్లిస్ ఒకదాన్ని తడిచేతుల్లో ఎగువకి తిప్పి పట్టుకుని చాలాసేపు కూచుంది. తోక కొట్టలేదు. వేళ్ళు విప్పితే పక్కకి ఒరిగి, నారింజ పొట్ట పైకి తిప్పి, మెల్లిగా కిందికి కొట్టుకుపోయింది.

"ఎవర్ని చంపుతున్నాం గ్లెన్ మనం?" అంది నాతో.

ఆ పూట రెండు బ్రౌన్లు చంపాం. ఎన్ని బ్రూక్ ట్రౌట్లు పోయాయో నేను లెక్కపెట్టదలుచుకోలేదు. ఆవిడ గాలం కర్ర విప్పేసి గొట్టంలో పెట్టేసింది. "ఇలా కాదు," అంది.

మిగిలిన బ్రౌన్లు ఎక్కడుంటాయో మాకు తెలుసు. తెలుసు ఎందుకంటే ఆ ఇల్లు కట్టింది మేమే. ఓక్ పలకలతో పెట్టెలాంటి గూడు కొట్టి, ఒడ్డు కింద అడుగున దిగేసి, పైన మట్టీ రాళ్ళూ కప్పి గడ్డి చల్లుతాం. పైనుంచి చూస్తే ఒడ్డే. కింద చీకటి, చల్లటి నీడ. కొంగ కంట పడకుండా చేపలు దాక్కుంటాయి. స్కోగెన్ పైభాగంలో అలాంటి గూడు ఒక్కటే ఉంది. బ్రూక్ ట్రౌట్ల కోసమని కట్టాం. దాని మూల పలక మీద ఇత్తడి బిళ్ళ ఉంది: నార్మన్ బ్రెక్కీ. ఆర్లిస్ మొగుడు. ఆయన పోయిన ఏడాది కట్టాం. మేకులు ఆవిడే కొట్టింది.

ఇప్పుడు నార్మన్ గూట్లో బ్రౌన్లు కాపురం పెట్టాయి.

ఆవిడ ఆలోచన ఇది. తూము కింది నోటికి అడ్డంగా ఓక్ పలకలు నిలబెట్టడం, మధ్యలో రెండు పలకలు మాత్రం తెరిచి ఉంచడం. గూడు పీకెయ్యడం. బెదిరిన బ్రూక్ ట్రౌట్ పైకి, ఊటవైపు పోతుంది, దాని పుట్టిల్లు అది. బ్రౌన్ లోతు కోసం కిందికి పోతుంది. మేం వరసగా నిలబడి నీళ్ళు బాదుతూ కిందికి తోలాలి. తూము దాటి కింది మడుగులో పడగానే పలకలు దించెయ్యాలి. రెండడుగుల ఎత్తు మళ్ళీ వస్తుంది. గొళ్ళెం పడుతుంది.

"ముగ్గురన్నా కావాలి నీళ్ళలో. తూము దగ్గర ఒకడు," అంది.

తూము దగ్గరికి డెల్మర్ స్కార్ వస్తానన్నాడు. ఆ పచ్చిక ఆయనదే, ఆయన ఆవులవే ఆ ఒడ్లు. మా సంఘంలో చేరమంటే చేరడు. "పట్టి వదిలెయ్యడమేంటి, ఆవుని పాలకి పిలిచి మళ్ళీ పొమ్మన్నట్టు," అంటాడు. మూడోవాడు ఎవరా అని మేం తల పట్టుకుంటే విట్ ఫోన్ చేశాడు నాకు.

"నేనొస్తా. కానీ చంపను."

"చంపక్కర్లేదు. తోలితే చాలు. ఆవుల్ని తోలినట్టు."

"నేనెప్పుడూ ఆవుల్ని తోల్లేదు గ్లెన్."

"పళ్ళు పీకావుగా. అరుపులకి బెదరవు. రా."

కారీ వచ్చేది శనివారం. మేం శుక్రవారం మధ్యాహ్నం దిగాం. పలకలు నిలబెడుతుంటే టౌను చైర్మన్ హాల్వర్ పికప్పు రోడ్డు మీద ఆగింది. కిటికీ దించి చూశాడు. దిగి మళ్ళీ చూశాడు.

"ఆర్లిస్. నేను కల కంటున్నానా?"

"లేదు హాల్వర్."

"ఇన్నేళ్ళు నా నెత్తి తిన్నావు, తూము తియ్యి, తూము తియ్యి అని. తీశాం. ఇప్పుడు మూస్తున్నావు."

"అవును."

"తప్పయిందంటావా?"

"అయింది."

అలా ఒప్పుకుంటుందని అనుకోలేదు ఆయన. టోపీ తీసి తల గోక్కున్నాడు. "చూడు, నీ చేపల సంగతి నాకు తెలీదు. వరదొస్తే ఆ పలకలకి చెత్త అడ్డుపడుతుంది, రోడ్డు పోతుంది. ఈ రోడ్డు మీద బడి బస్సు పోతుంది. కొన్నేళ్ళ కిందటి వరదలో ఏం జరిగిందో నీకూ తెలుసు."

"తెలుసు. రేపు శాఖ అమ్మాయి వస్తోంది. అనుమతి కాగితం ఇస్తే వరదకి తట్టుకునేట్టు రాతితో సరిగ్గా కడతాం. మా డబ్బుతో."

"ఇవ్వకపోతే?"

"అప్పుడు నీ ఇష్టం."

"రేపు పది గంటలకి పొక్లెయిన్ తీసుకొస్తా. కాగితం ఉంటే వెనక్కి పోతా. లేకపోతే పీకుతా. తర్వాత నన్ను తిట్టకు."

"తిడతా," అంది ఆర్లిస్. "అయినా తీసుకురా."

ఆయన పోయాక గూటి దగ్గరికి నడిచాం. గునపాలూ గొలుసులూ డెల్మర్ ట్రాక్టరూ. ముందు పైనున్న మట్టి లాగాం. పలకలు బయటపడ్డాయి. నీళ్ళలో నాని నల్లబడి, గట్టిగా, కట్టిన రోజున ఎలా ఉన్నాయో అలాగే. మేం పని బాగా చేస్తాం, అదే ఖర్మ. బిళ్ళ ఉన్న పలకని నేను మెల్లిగా విప్పి పక్కన పెట్టబోయాను. ఆర్లిస్ నా చేతిలోంచి గునపం లాక్కుంది.

"తీరిగ్గా విప్పడానికి టైం లేదు," అని మేకు కింద గుచ్చి ఒంటి బరువంతా వేసింది. పలక కేకపెట్టి ఊడింది. ఇత్తడి బిళ్ళ వంకరపోయింది. ఆవిడ దాని కేసి చూడలేదు. "నార్మన్ ఉంటే ఎప్పుడో పీకేవాడు," అంది అంతే.

పైకప్పు లేవగానే నీళ్ళు నల్లగా కదిలాయి. చిన్నవి చిన్నవి, తెల్లంచు రెక్కలు, జల్లుమని పైకి పోయాయి, ఆవిడ చెప్పినట్టే. తర్వాత పెద్దవి. ఒకటి, దాని వెనక ఇంకోటి, చేతిమందం ఉన్నాయి. కిందికి దూసుకుపోయాయి.

"తోలండి," అంది.

ముగ్గురం వాగుకి అడ్డంగా నిలబడ్డాం. రొమ్ముల దాకా రబ్బరు లాగులు, ఒక చేతిలో చేతివల, ఒక చేతిలో కర్ర. ఎగువ నుంచి దిగువకి కాళ్ళు ఈడుస్తూ, నీళ్ళు బాదుతూ నడిచాం. వాగులో ఎలా నడవకూడదని ఇన్నేళ్ళూ జనానికి నేర్పామో సరిగ్గా అలా. బురద లేచింది. గులకరాళ్ళు దొర్లాయి. విట్ ఏడుపుముఖం పెట్టినా కాళ్ళు ఆపలేదు. అరిచాడు కూడా, సన్నగా, "హై, హై" అని, నిజంగా ఆవుల్ని తోలుతున్నట్టు.

"గొంతు బాగుంది నీకు," అన్నాను.

"నోరుముయ్యి గ్లెన్," అన్నాడు, మళ్ళీ హై హై అన్నాడు.

తూము దగ్గర డెల్మర్ వేళ్ళెత్తి చూపించాడు. ఒకటి దాటింది. ఇంకోటి దాటింది. మూడోది విట్ కాళ్ళ మధ్యకి తిరిగింది. చంపనన్న విట్, కర్రతో నీళ్ళని చీల్చి కొట్టాడు. అది మళ్ళీ తిరిగి కిందికి పోయింది. మూడు.

నాలుగోది తూము నోటి దగ్గర దాకా పోయి, పలకల్ని చూసి, వెనక్కి తిరిగింది. ఆడచేప. అన్నిట్లోకీ పెద్దది. ఒడ్డు పట్టుకుని నేరుగా ఆర్లిస్ వైపు వచ్చింది. ఆవిడ వల దించింది. నేను కళ్ళారా చూశాను, వల దాని మీద పడలేదు, అదే వచ్చి వల్లో దూరింది. ఆర్లిస్ లేపింది. పొట్ట జెనతో నిండి, చర్మం బిగిసి మెరుస్తోంది. వెన్ను మీద నల్లచుక్కలు, పక్కన ఎర్రచుక్కలు, సాయంత్రం ఎండ పడి ఒళ్ళంతా బంగారం.

"పడింది," అన్నాను. డెల్మర్ అటు పలకలు దించేశాడు. దభీమని చప్పుడైంది, నీళ్ళు పలకల మీంచి దూకడం మొదలైంది. విట్ ఊపిరి వదిలాడు. అయిపోయిందనుకున్నాం. మా ముగ్గురి ఒంట్లోనూ బిగువు ఒక్కసారిగా జారిపోయింది.

ఆ జారిపోయిన క్షణంలోనే జరిగింది.

ఆర్లిస్ కర్ర ఒడ్డు మీదికి విసిరింది. వంగింది. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళలో ముంచింది. వల దించి, తడిచేతులతో చేప పొట్ట కింద, తోక దగ్గర పట్టుకుంది. మూతి ఎగువకి తిప్పింది. ముప్ఫై ఏళ్ళుగా ఎన్ని వేలసార్లు చేసిందో అలాగే. మొప్పలు ఆడాయి. తోక ఆవిడ అరచేతిని కొట్టింది. వేళ్ళు విప్పుకున్నాయి.

చేప మెల్లిగా, తొందర లేకుండా, ఎగువకి పోయింది.

"బాగా వదిలావు," అన్నాను నేను.

అవును, అన్నాను. నా నోట్లోంచే వచ్చింది. విట్ కూడా తలూపాడు. మా ముగ్గురిలో ఎవరికీ ఏం జరిగిందో తెలీదింకా. మొదట తెలిసింది డెల్మర్‌కి. తూము మీద నిలబడి మా కేసి చూస్తున్నాడు.

"వదిలారా?" అన్నాడు. మెల్లిగా అడిగాడు, పిచ్చివాళ్ళని అడిగినట్టు. "మీరు దాన్ని వదిలేశారా?"

ఆర్లిస్ తన చేతుల కేసి చూసుకుంది. ఇంకా నీళ్ళలోనే, దోసిలిలా తెరిచి ఉన్నాయి. అక్కడే నీళ్ళలో కూలబడింది. రబ్బరు లాగు అంచు మీంచి నీళ్ళు లోపలికి పోతున్నాయి, లేవలేదు. విట్టూ నేనూ చెరో రెక్కా పట్టుకుని లేపాం. చీకటి పడేదాకా వెతికాం. బురద తేరలేదు, ఏమీ కనపడలేదు. డెల్మర్ వంటింట్లో కూచోబెట్టి కాఫీ ఇస్తే ఆవిడ కప్పు పట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూస్తూ కూచుంది.

"నేను కాదు," అంది ఒకసారి. "ఇవి."

మా చేతులూ అవే కదా.

మర్నాడు తెల్లారుతూనే నేను పోయేసరికి ఆవిడ వాగు ఒడ్డున నిలబడి ఉంది. చేతులకి గ్లౌజులు. కట్టెలు మోసేటప్పుడు వేసుకునే ముతక తోలు గ్లౌజులు, పొడివి. మా సంఘంలో ఎవరన్నా అలాంటివి వేసుకుని వాగు దగ్గరికొస్తే వాణ్ణి ఆ రోజే గేటు దాటించేవాళ్ళం. ఆవిడ నీళ్ళలోకి దిగి, రెండు చేతులూ భుజాల పైకి ఎత్తి పట్టుకుని నడిచింది. తడవకుండా. నేను వెనకే పోయాను.

నీళ్ళు తేరుకున్నాయి. ఊట కింద, కొత్తిమీరలా పచ్చగా పెరిగే నీటికూర పక్కన, గులకరాళ్ళ మీద కనిపించింది. బ్రూక్ ట్రౌట్లు గుడ్లు పెట్టే చోటే అది. చుట్టూ అవి చెదిరిపోయి దూరంగా ఆడుతున్నాయి. బ్రౌన్ అలిసిపోయినట్టు ఒక పక్కన ఆని ఉంది. ఆవిడ వంగి, పొడిచేత్తో మెడ పట్టుకుంది. తోలుకి జిగురు అంటుకుంది. చేప జారలేదు. ఒడ్డు మీదికి విసిరి, దాని వెనకే ఎక్కి, రాయి తీసుకుని కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"అయింది ఆర్లిస్," అన్నాను. "అయిపోయింది. ఆపు."

ఆపింది. చేపని తిప్పింది. పొట్ట మీద బొటనవేలు పెట్టి నొక్కింది. నిన్న బిగిసి మెరిసిన పొట్ట. వేలు లోపలికి దిగిపోయింది. ఖాళీ సంచీలా ముడతలు పడింది.

మేమిద్దరం ఒకేసారి తిరిగి వాగు కేసి చూశాం. ఊట కింద గులకరాళ్ళు తిరగేసి ఉన్నాయి. నాచు పోయి, కడిగినట్టు తెల్లగా, బల్లంత మేర. రాత్రికి రాత్రి తోకతో తవ్వింది. పక్కనే ఇంకో తెల్లమచ్చ. దాని పక్కన మూడోది. వీటిలో ఏది బ్రూక్ ట్రౌట్ తవ్వింది, ఏది బ్రౌన్ తవ్వింది? తవ్వి చూస్తే గుడ్లు ఉంటాయి. గుడ్డు గుడ్డులాగే ఉంటుంది. దాని మీద పేరుండదు. మగది ఏదో కూడా మాకు తెలీదు. పైన ఒక్క మగ బ్రౌన్ మిగిలుంటే చాలు.

ఆర్లిస్ మోకాళ్ళ మీద కూచుని మొదటి తెల్లమచ్చ మీద చెయ్యి పెట్టింది. వేళ్ళు గులకల్లోకి గుచ్చబోయింది. గుచ్చలేకపోయింది. రాళ్ళ మీద గ్లౌజు అలాగే ఉంది, పైనుంచి నీళ్ళు పోతున్నాయి.

"నిన్న చంపుంటే," అంది.

నేనే భుజం పట్టుకుని లేపాను.

విట్టూ డెల్మరూ వచ్చాక కారీ బండి వచ్చింది. కరెంటు పెట్టె వీపున తగిలించుకుని తూము నుంచి ఊట దాకా ఓపిగ్గా నడిచింది. బ్రూక్ ట్రౌట్లు తేలాయి, పిల్లలూ పెద్దవీ, లెక్కపెట్టి వదిలింది. ఇంకేమీ తేలలేదు, లోతున నక్కినవి ఆ పెట్టెకి అందకపోవచ్చు కూడా. చచ్చిన చేప అప్పటికే డెల్మర్ బకెట్లో, గోనె కింద ఉంది. ఆయన దాని కేసి చూడలేదు, మేమూ చూడలేదు. నేను ఆర్లిస్ ముఖం కేసి చూస్తూ నిలబడ్డాను. చెబితే కాగితం రాదు. కాగితం రాకపోతే రోడ్డు మీద హాల్వర్ పొక్లెయిన్ ఇంజను ఆడుతోంది, పలకలు పీకుతుంది, కింద మడుగులో ఉన్నవన్నీ పైకొస్తాయి. చెప్పకపోతే తలుపు మూసుకుంటుంది. లోపల ఏది పెట్టి మూశామో మంచు కరిగాక తెలుస్తుంది.

"ఒక్క బ్రౌన్ లేదు," అంది కారీ. మనస్ఫూర్తిగా నవ్వింది. "మీరు చెప్పినట్టే, ఆర్లిస్. సాయంత్రంలోపల కాగితం పంపిస్తా. చైర్మన్‌కి నేను చెబుతాను."

ఆర్లిస్ తలూపింది.

రోడ్డు మీద ఇంజను ఆగింది. హాల్వర్ ఎవరితోనో ఏదో అని నవ్వుతున్నాడు. విట్ ఒడ్డు మీద కూచుని బూట్లు విప్పుకుంటున్నాడు. పలకల మీంచి నీళ్ళు దూకుతున్న చప్పుడు ఇంతదూరం వినబడుతోంది.

కారీ సామాను సర్దుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు, ఆర్లిస్ చేతుల కేసి చూసింది. "అవేంటి? మీరే కదా మాకు నేర్పింది, వాగు దగ్గర గ్లౌజులు వేసుకోవద్దని."

"చలి," అంది ఆర్లిస్.

ఎండ కొడుతోంది. ఆవిడ గ్లౌజులు తియ్యలేదు.